మూడు చిప్పల పసరు, తొమ్మిది చిప్పల బొగ్గు

శనివారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు పెంకు మీద పూసిన నలుపు ఇంకా వేలికి అంటుకుంటూనే ఉంది. అప్పటికి ఆ పెంకును గంటన్నర ఎండలో పెట్టాం.

దేవరుప్పుల దగ్గరి ఒక ఊరి బడి అది. డెబ్బైల చివరి మాట. మాది మహబూబాబాద్, ఇంట్లో అందరివీ జీతం ఉద్యోగాలు. అరవై తొమ్మిది ఉద్యమంలో చదువు ఒక ఏడాది ఆగింది. ఆలస్యంగా లెక్కల పంతులునయ్యాను.

ఏడో తరగతి గోడకున్న నల్లబల్ల వెలిసి బూడిదరంగులోకి వచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారి వెనక బెంచీలో కూర్చుని చూసి, రాసింది కనబడటం లేదన్నాడు. మళ్లీ వచ్చేసరికి ఇట్లాగే ఉంటే భూపాలపల్లి అవతలికి బదిలీ రాస్తానని చెప్పి పోయాడు. నా భార్యకు అప్పుడు ఎనిమిదో నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. నొప్పులు మొదలైతే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని జనగామ దవాఖానలో డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. భూపాలపల్లి అవతల నేను, ఇక్కడ ఆమె. సోమవారం అధికారి వస్తున్నాడు.

నిష్పత్తి పాఠం కూడా ఆ వారమే వచ్చింది. నేను పుస్తకం తెరవలేదు. పిల్లలను నాలుగు జట్లు చేసి జట్టుకొక ఇంటికప్పు పెంకు ముక్క ఇచ్చాను. దొండాకు నూరి పిండిన పసరు, మెత్తగా దంచిన బొగ్గుపొడి వాళ్లే తెచ్చారు. ఒక జట్టు పసరు ఒకటికి బొగ్గు ఒకటి కలిపింది, తర్వాతిది ఒకటికి రెండు, మూడోది ఒకటికి మూడు, నాలుగోది ఒకటికి నాలుగు. ఆరబెట్టి, సుద్దముక్కతో రాసి, తుడిచి చూశారు. మొదటి రెండు పెంకులు జిడ్డుగా ఉండిపోయాయి. నాలుగో దాని మీద నలుపు పొడిపొడిగా రాలింది. ఒకటికి మూడు నిలబడింది.

శనివారం బల్లకు సరిపడా అదే కలపాలి. మూడు కొబ్బరి చిప్పల పసరు, తొమ్మిది చిప్పల బొగ్గు. కొలిచే పని ఒక కూలివాళ్ల అమ్మాయికి ఇచ్చాను. ఆ పిల్ల చెయ్యి ఒలకబోయదు. బల్లకు పూసేముందు ఒక పెంకు మీద పూసి చూశాం. అది ఆరలేదు.

"బొగ్గు తడిగున్నదేమో సార్," అన్నాడు ఒక పిల్లవాడు.

"నీ మొకమే తడిగున్నది. కడుక్కోపోరా, కొండెంగ లెక్కున్నవ్," అని బొగ్గంటిన వాడి మొహం చూసి పక్కవాడంటే అందరూ నవ్వారు.

కొలిచిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. "నేను సరిగ్గనే కొలిచిన సార్. మా అవ్వ మీద ఒట్టు."

నలుపు కలిపిన బేసిన్ మీద తడిగుడ్డ కప్పి అందరినీ ఇంటికి పంపాను.

"ఏమైంది, గట్లున్నవ్?" అంది నేను ఇంటికి రాగానే నా భార్య. చెప్పాను. ఆమె రైతుల బిడ్డ, కల్లంలో వడ్లు కొలుస్తుంటే చూస్తూ పెరిగింది.

"ఆ పిల్ల పైకి లెక్కవెట్టిందా?"

"పెట్టింది."

"ఏమని మొదలువెట్టింది?"

గుర్తు చేసుకున్నాను. "లాభం అని."

ఆమె నడుము పట్టుకుని నవ్వింది. కల్లంలో మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. అంతవరకు నాకూ తెలుసు. "మా ఇంట్ల లాభం అన్నంక రెండు అంటం. కొందరిండ్లల్ల లాభం దేవునిది, లెక్కల వట్టరు. అది వోసినంకనే ఒకటి మొదలైతది. ఇన్ని పుస్తకాలు చదివినవ్, గిది తెల్వదా?"

ఆదివారం పొద్దున పిల్లలను పిలిపించి అడిగాను. "లాభం తర్వాత ఏమన్నవమ్మా?"

"ఒకటన్న సార్. రెండు దిక్కుల గట్లనే కొలిచిన."

అంటే పసరు నాలుగు చిప్పలు, బొగ్గు పది. ఒక పిల్లవాడు వెంటనే అన్నాడు, "రెండు దిక్కుల ఒక్కొక్కటే ఎక్కువైంది గద సార్. సమానమే గద, ఎందుకు చెడిపోతది?"

అంతకు ముందు ఏళ్లలో ఈ మాట వినగానే తప్పు అని కొట్టేసేవాణ్ణి. ఆ రోజు బేసిన్ వాళ్ల ముందుకు జరిపాను. కొలిచిన అమ్మాయి నేల మీద కూర్చుంది. నాలుగు గీతలు గీసింది. పది రాళ్లు ఏరుకొచ్చి ఒక్కో గీత కింద మూడేసి పెట్టింది. నాలుగో గీత కింద ఒక్కటే మిగిలింది.

"గీ చిప్పకు రెండు తక్కువైనయ్ సార్," అని లేచి ఇంటికి ఉరికింది. పొయ్యిలోని బొగ్గు దంచి రెండు చిప్పలు తెచ్చింది. కలిపి ఒక పెంకు మీద పూస్తే అరగంటలో ఆరింది. అప్పుడు బల్లకు పూశాం.

సోమవారం అధికారి వచ్చి బల్ల మీద తన చేత్తోనే రాసి, వెనక బెంచీ దగ్గరికి వెళ్లి చూశాడు. ఏమేం కలిపారని అడిగాడు. ఆ అమ్మాయి లేచి చెప్పింది: "ఒకటికి మూడు సార్. లాభం లేకుంట."

తరగతంతా నవ్వింది. అధికారి ఎందుకని అడిగి, ఆమె చెప్పిందంతా విని, తనూ నవ్వాడు. ఆయన తల్లి కూడా లాభం అనే కొలిచేదట. తనిఖీ పుస్తకంలో 'నల్లబల్ల బాగున్నది' అని రాసి సంతకం పెట్టాడు. ఆయన పోయాక ఆ రెండు మాటలు మూడుసార్లు చదువుకున్నాను. ఇంటికి వచ్చి చెబితే నా భార్య అంది, "నా పేరు రాయలేదా?"

నెల తర్వాత జనగామ దవాఖానలో బిడ్డ పుట్టింది. ఇద్దరూ క్షేమం. బదిలీ నాలుగేళ్లకు ఎట్లాగూ వచ్చింది, భూపాలపల్లి దగ్గరి రేగొండ దిక్కుకు. అప్పుడు ముగ్గురం కలిసే పోయాం. అక్కడి పిల్లలకూ పెంకులిచ్చే నిష్పత్తి చెప్పాను.

నిరుడు వానాకాలంలో నా భార్య పోయింది. చివరిదాకా బియ్యం తనే కొలిచేది, లాభం, రెండు, మూడు అని. ఇప్పుడు మా ఇంట్లో బియ్యం గ్లాసుతో తీస్తాం. లాభం అని ఎవరం అనం.