పెద్దమ్మ ఎడమచేతి చూపుడువేలు

మొన్న ఇంటికి ఓటరు చీటీ వచ్చింది. ఇన్నేళ్లూ మా గల్లీ చివరి బడిలో వేసిన ఓటు, ఈసారి కొత్త కాలనీ అవతల ఉన్న కాలేజీలో వేయాలట. మా కోడలు ఫోనులో దారి తీసి చూపించి, పొద్దున్నే లేచి ఇది ఎటు పొమ్మంటే అటు పోవడమేనని చెప్పింది. నేను వింటేగా! పోలింగుకు ముందటి సాయంత్రం చెప్పులేసుకుని పోయి చూసొచ్చాను. గేటు ఎటువైపు తెరుస్తారు, ఆడవాళ్ల వరుస ఏ వరండాలో కడతారు, మా గది ఏది, అన్నీ. గోడకు కాగితాలు అతికిస్తున్న ఆయన పోలింగు రేపు కదమ్మా అన్నాడు. తెలుసు నాయనా, అందుకే ఇవాళ వచ్చానన్నాను. ఇంటికి వచ్చేసరికి అందరూ నవ్వుకుంటున్నారు. నవ్వుకోనివ్వండి. ఈ పిచ్చి నాకు మా పెద్దమ్మ అంటించింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పెదనాయన పోయాక సిద్దిపేటలోనే పాత ఇల్లు వదిలి మా పక్కింట్లో ఒక గది కిరాయికి తీసుకుంది. నేత ఇళ్ల నూలుకు రంగులు అద్దడం ఆమె పని. వాకిట్లో రంగు గంగాళం ముందు పీట వేసుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. ఆమె చేతులు చూస్తే ఆ వారం మా గల్లీ మగ్గాల మీద ఏ రంగు చీరలు నడుస్తున్నాయో చెప్పొచ్చు. రంగుల ఘాటు ఆమె కొంగు నుంచి ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. శుభకార్యాల్లో కొత్త చుట్టాలు ఆ చేతుల మీదుగా నీళ్లు తాగడానికి జంకితే, చెంబు వాళ్ల ముందు పెట్టి, తాగిందాకా అక్కడే నిలబడేది. అంత మొండిది. నాకు ఆమె అంటే చచ్చేంత ఇష్టం.

పెదనాయన ఉన్నన్నాళ్లూ ఆయన చెప్పిన గుర్తు మీదే ముద్ర గుద్దింది. ఆయన పోయాక వచ్చిన ఎన్నికల్లో మొదటిసారి తన బుద్ధితో వేద్దామనుకుంది. ఓటు ఎక్కడుందో కనుక్కోకుండా అలవాటు కొద్దీ పాత గల్లీ బడికే పోయింది. ఎండలో నిలబడి నిలబడి లోపలికి పోతే, నీ పేరు ఇక్కడ లేదు, కొత్త గల్లీలో చూసుకోమన్నారు. ఆయాసపడుతూ ఇటు వచ్చేసరికి గేటు వేసేశారు. ఆ పూట అన్నం ముట్టలేదు. “నా అంతట నేను ఏసుకునే ఓటు పాయె బిడ్డా” అని ఒక్కటే మాట. ఓటు పోతే అంత ఏడవాలా అని మా నాన్న అన్నాడు. అమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది, ఆయన బయటికి పోయాడు.

అందుకని ఆ తరువాతి ఎన్నికలకు పెద్దమ్మ పెళ్లికి సిద్ధమైనట్టు సిద్ధమైంది. ముందురోజే నన్ను వెంటబెట్టుకుని మా గల్లీ బడికి పోయి తలుపులు, మెట్లు చూసుకుంది. నాకది మొదటి ఓటు. అంతకంటే ముందే, ఓటు వేసొచ్చేదాకా రంగు ముట్టనని గల్లీ అంతా చాటింది. లోపల కూర్చున్న సార్లు ఎడమచేతి చూపుడువేలు చూస్తారని, దాని మీద మరక ఉంటే వేసొచ్చిందంటారని ఆమె భయం. చింతపండుతో, నిమ్మచెక్కతో, చివరికి కిరసనాయిలుతో తోమి తోమి చేతులు తెల్లగా చేసుకుంది. మా అమ్మకైతే ఆ చేతులు ఎవరివో అనిపించాయట.

తీరా పోలింగు ముందటి సాయంత్రం ఎదురింటి నేతాయన చుట్టలు చుట్టిన నూలు చిలపలు భుజాన వేసుకుని వచ్చాడు. మగ్గం ఖాళీగా ఉందని, తెల్లారేసరికి అద్దిన నూలు లేకపోతే పని ఇంకొకరికి పోతుందని బతిమాలాడు. పెద్దమ్మ కాదంది. ఆయన పోకుండా గడప మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడానికి ఈమె కరిగింది. చేతులు పెట్టను, కర్రతోనే తిప్పుతానని చెప్పి రంగు గంగాళం ముందేసుకుంది. నేరేడుపండు రంగు. అన్నంత పనీ చేసింది కూడా, ఆఖరి చిలప దాకా. అది కర్ర మీది నుంచి జారి అడుక్కు పోయింది. అట్లా వదిలేస్తే నూలు మచ్చలు పడుతుంది. ఆలోచించే లోపలే ఎడమచెయ్యి మణికట్టు దాకా గంగాళంలోకి పోయింది. ఇన్నేళ్ల పని నేర్చిన చెయ్యి, ఎన్నికలు వచ్చాయంటే ఆగుతుందా? బయటికి తీసిన చేతిని పెద్దమ్మ కొంగుకు అదిమి అదిమి తుడిచింది, రంగు కదల్లేదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

పొద్దున వరుసలో చెయ్యి కొంగు కింద పెట్టుకుని నా ముందు నిలబడింది. లోపలి సారు వేలు చూపించమన్నాడు. చూసి, “అమ్మా, మీరు ఓటు వేసి వచ్చారు” అన్నాడు. ఆయన మా ఊరివాడు కాదు. నూలు రంగని ఆమె చెప్పింది. మరక కనపడకుండా రంగు పూసుకున్నారేమోనని ఆయన అనుమానం. తడిగుడ్డతో రుద్దించాడు, పోలేదు. పక్కకు జరగమన్నాడు. పెద్దమ్మ జరగలేదు. కొంగు తీసి చెయ్యంతా బల్ల మీద పెట్టింది.

“సక్కగ సూడుండ్రి సారు. ఓటేస్తె చెయ్యి మొత్తం ముంచుతరా?”

వరుసలో నవ్వులు పుట్టాయి, ఆమె మాత్రం నవ్వలేదు. బెంచీ మీద రెండు పార్టీల ఏజెంట్లు కూర్చున్నారు, ఇద్దరూ మా గల్లీవాళ్లే. ఈమె ఓటు అవతలివాళ్లకేనని ఎవరికి వారు గట్టిగా నమ్మినట్టున్నారు, నోరు విప్పలేదు. పెద్దమ్మ వాళ్ల వైపు తిరిగింది.

“మీ ఇద్దరి ఇండ్లల్ల మగ్గం మీదున్న నూలు ఎవరద్దిన్రో సారుకు చెప్పుండ్రి.”

ఒకాయన తల గోక్కున్నాడు. ఇంకొకాయన లేచి, “మా పెద్దక్క సారు. రంగులు అద్దుతది. ఓటెయ్యలే” అన్నాడు. అప్పుడు మొదటాయనా లేచి అవునన్నాడు. పెద్ద సారు వచ్చి కాగితాలు చూసి, ఆమె పేరు మీద ఇంకా ఓటు పడలేదని తేల్చాడు. నేరేడు రంగు వేలి మీదే సిరా గీత గీశారు. గీసింది గీసినట్టే కనపడకుండా పోయింది. పెద్దమ్మ ఓటు వేసే అట్ట చాటుకు పోయి చాలాసేపు ఉంది, సార్లు తొంగి చూడబోయేంతసేపు. ఎవరికి వేసిందో మా అమ్మకు కూడా చెప్పలేదు.

ఆ రోజంతా గల్లీలో వేళ్లు చూపించుకున్నారు. ఈమె దగ్గర చూపడానికి ఏమీ లేదు. కానీ కొన్నాళ్లకు నేరేడు రంగు పలచబడి వదిలిపోయింది, గోటి మీద నల్లటి గీత ఒక్కటే మిగిలింది. నూలు ఆరేస్తున్నదల్లా నన్ను పిలిచి ఆ వేలు చూపించింది. “గిది నాదే బిడ్డా” అంది. గోరు పెరిగేకొద్దీ గీత కొసకు జరుగుతూ వచ్చినా, పనికి అడ్డమవుతున్నా, ఆ ఒక్క గోరు మాత్రం చాలాకాలం కత్తిరించుకోలేదు. కాలం ఎంత నిదానంగా నడుస్తుందో నేను మొదట చూసింది ఆ గోటి మీదే. ఎంత తొందరగా నడిచిపోయిందో, నా వయసు అప్పటి పెద్దమ్మ వయసును దాటాక గానీ తెలియలేదు.