గురువులు పంటికర్ర

"పొద్దుట పంపులో తోలు పోయిందన్నావు, ఇప్పుడు కవాటం అంటన్నావు. ఏది ఇప్పమంటావు మామా?" అని చేతికింది కుర్రాడు సోములు అరిస్తే, రాయగడ రైలువంతెన పనివాళ్లంతా ఇటు తిరిగారు. ఫిట్టరు గురువులు మళ్లీ పంపుమీదికి వంగాడు. వంతెన ఇనపదూలం గడ్డరును మోస్తున్న పంపుజాకీ తెల్లారినప్పటినుంచి బరువాపలేక కిందికి జారుతోంది. భోజనాలయ్యాక ఆరుగురు ఆ గడ్డరు కిందికి దూరాలి. పంపు చెడినప్పుడల్లా గురువులు చింతకర్ర ఒక కొస దానికి ఆనించి, రెండో కొస ముందుపళ్లతో కరిచి, కళ్లు మూసుకుంటాడు. లోపల తోలు చిరిగితే బుస, కవాటం సరిగా మూసుకోకపోతే చిటుకు, పంటిగుండా పుర్రెలోకి ఎక్కుతుందంటాడు. ఇరవయ్యేళ్లుగా ఆ కర్ర తప్పు చెప్పలేదు. ఈవేళ మాత్రం దవడకేసి కరుస్తాడు, తీసి కర్రవంక చూస్తాడు, తిరగేసి మళ్లీ కరుస్తాడు, పంపులో పోసే ఆముదం ఓడే తుండుతో మూతి కప్పుకుంటాడు. సోములుకి అంతుపట్టలేదు. చెడింది పంపా, కర్రా, మనిషా?

విసిగిపోయి కర్ర లాక్కోబోతే తుండు జారింది. మామకి ముందుపళ్లు లేవు.

"నిన్న బువ్వ తింటంటే ఊడిపోనాయిరా," అన్నాడు గురువులు గొంతు తగ్గించి. కర్ర సోములు చేతిలో పెట్టాడు. "నువ్వు కరిసి ఇను. ఏటి ఇనబడిందో నా సెవిలో సెప్పు. ఆళ్లకి మాత్రం నా నోటితోనే సెప్పనీరా."