వెళ్ళకుండా వెళ్ళొచ్చిన కాశీ

క్రిందటి నెలలో మా మరిదిగారి మనవరాలు, వీపుకి తన నడుం దిగేంత సంచీ తగిలించుకుని, ఒంటరిగా తూర్పు దేశాలన్నీ చూసి వస్తానని బయల్దేరితే, ఇంటిల్లిపాదీ కార్లెక్కి, కొవ్వూరు నుంచి వంతెన దాటి రాజమండ్రి విమానాశ్రయం దాకా వెళ్ళి సాగనంపాం. మా తోటికోడలు దిష్టి తీసింది. మరిదిగారైతే అక్కడ కనబడ్డ తెలిసినవాళ్ళనల్లా ఆపి, మా ఇంటావంటా ఇలా ఒక్కత్తే దేశాలు తిరిగిన ఆడపిల్ల లేదండి, ఇదే మొదలు అని, నేను పక్కనే నిలబడి ఉండగా చెప్పుకుని మురిసిపోయారు. కారులో వెళ్తున్నప్పుడు నేను ఆ పిల్లతో, లావోస్‌లో పడవెక్కితే వెనక ఇంజను దగ్గర కూర్చోకు, దిగాక కూడా చెవుల్లో హోరు పోదు, ముందు బల్ల చూసుకో అన్నాను. అది ముచ్చటగా నవ్వి, "ఏ వీడియోలో చూశావు పెద్ద మామ్మా?" అంది. ఏదోలే అన్నాను. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంట్లో చెప్పుకునే వీలు లేదు గనక, నా ఈడు వాళ్ళు మీరున్నారు కదా అని మీకు చెప్పుకుంటున్నాను.

ఆ దేశాలు నేను తిరిగాను. ఈ పిల్ల పలకా బలపం పట్టుకున్న రోజుల్లో, ఇంచుమించు ఇలాంటి సంచీయే వీపుకి తగిలించుకుని, ఒక్కదాన్నే తిరిగొచ్చాను. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఇంట్లో తెలిసినవాళ్ళు తెలియనట్టు ఉండి ఉండి నిజంగానే మరిచిపోయారు.

కొవ్వూరులో గోదావరి స్నానాలకి గోష్పాద రేవుకి వెళ్ళే దారిలో మాకు పూజాసామగ్రి దుకాణం ఉండేది, ఇప్పటికీ ఉంది. మామగారు పెట్టిన దుకాణాన్ని ఆయన తరువాత మావారూ మరిదిగారూ కలిసి నడిపారు. కుంకుమ, కర్పూరం, జంధ్యాలు మొదలుకుని కాశీ దారాలు, మూత ఊడకుండా మాటేసిన రాగి గంగ చెంబుల దాకా మా దగ్గర దొరకనిది లేదు. మాకు పిల్లల్లేరు. నేను ఆడపిల్లల హైస్కూల్లో సోషలు చెప్పేదాన్ని. గోడకి పటం తగిలించి, కర్రతో మెకాంగ్ నది ఇక్కడ పుట్టి ఇక్కడ సముద్రంలో కలుస్తుంది అని ఏటేటా చెప్పడమే గాని, మన గోదావరి తప్ప ఇంకో నది ఒడ్డున నిలబడి ఎరగను. మావారు పోయి, సంవత్సరీకాలు కూడా అయ్యాక, ఉద్యోగానికి ముందుగానే స్వస్తి చెప్పేశాను. నాకేం వైరాగ్యం పుట్టలేదు. ఏ జ్ఞానమూ వెతుక్కోలేదు. పొద్దున్న లేస్తూనే ఈ పూట కూరేమిటి అన్న ఆలోచన లేకుండా, అయ్యో పాపం అంటూ చూసే కళ్ళు లేని చోట కొన్నాళ్ళుండి, పటంలో చూపించిన ఆ నీళ్ళలో ఒక్కసారి కాళ్ళు పెట్టి రావాలనిపించింది, అంతే.

మరిదిగారితో చెబితే ఆయన ముందు నవ్వారు, తరువాత అరిచారు, ఆ తరువాత వారం రోజులు నాతో మాట్లాడటం మానేశారు. భర్త పోయిన ఆడమనిషి దేశాలు పట్టుకుని తిరుగుతోందంటే పూజా సామాను కోసం మన గుమ్మం ఎవరు తొక్కుతారని ఆయన బాధ. అత్తగారు అప్పుడు పిఠాపురంలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నారు. ఆవిడతో స్వయంగా చెప్పి వెళ్దామనుకుంటే మరిదిగారు, నేను నెమ్మదిగా చెప్తాను లెండి, మీరు వెళ్తే అమ్మ కంగారు పడుతుంది అన్నారు. పోనీలే, ఆయన నోటితో చెబితేనే మర్యాదగా ఉంటుందనుకుని నేను సరేనన్నాను.

ఇంచుమించు తొమ్మిది నెలలు తిరిగాను. ఆ నెలల గురించి చెప్పమంటే నాకు ఇప్పటికీ మాట ముందుకు సాగదు, ఎందుకంటే ఉన్నది ఉన్నట్టుగా చెప్పే అలవాటు నాకు ఎప్పుడూ కాలేదు. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు తెల్లపిల్లల మధ్య, సత్రాల్లాంటి హాస్టళ్ళలో, అరల్లాంటి మంచాల మీద, ఎక్కడానికి మోకాళ్ళు సహకరించక కింద మంచం బతిమాలుకుని పడుకున్నాను. మనం నీచు ముట్టం కదా, కారప్పొడీ చింతకాయ పచ్చడీ అయిపోయాక ఉత్త అన్నంలో నిమ్మకాయ పిండుకుని తిని కూడా సంతోషంగానే ఉన్నాను. లావోస్‌లో రెండు ఒడ్డులా కొండలు నీళ్ళ దాకా దిగివచ్చిన మెకాంగ్ మీద పగలల్లా పడవలో వెళ్ళాను. తెల్లవారుజామున కాషాయం కట్టిన సాధువులు, వాళ్ళ వెనక పదేళ్ళ పిల్ల సాధువులు, బారుగా వీధిలో నడిచి వస్తుంటే ఊరి ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని జిగురన్నం వాళ్ళ పాత్రల్లో వేయడం చూశాను. వియత్నాంలో ఒక పల్లెలో, ఆకూ వక్కా నమిలి నమిలి పళ్ళు నల్లగా నిగనిగలాడే ఒక ముసలావిడ ఇంట్లో ఉన్నాను. నాకు జ్వరం వస్తే గంజి కాచి పట్టింది, తగ్గాక తన చేత్తో తాంబూలం చుట్టి నా నోట్లో పెట్టింది. మా ఆయన పోయాక నా నోటికి తాంబూలం అందించిన మనిషి ఆవిడొక్కర్తే. దుకాణానికి ఫోను చేసినప్పుడల్లా మరిదిగారే ఎత్తి, అమ్మ కులాసాగానే ఉందండి, ఆవిడకి ఫోన్లో సరిగ్గా వినబడదు అని పెట్టేసేవారు.

తిరిగి కలకత్తాలో దిగి, అక్కడ రైలెక్కి రాజమండ్రికి వచ్చాను. ప్లాట్‌ఫారం మీద మరిదిగారు గుడ్డసంచీతో నిలబడి ఉన్నారు. నన్ను చూస్తూనే నా వీపు మీది సంచీ తీసి కారు డిక్కీలో వేసి, తన చేతిలోది నా చేతికిచ్చారు. అందులో మా దుకాణంలోని గంగ చెంబులు, నల్ల కాశీ దారాల కట్టలు, చిన్న అన్నపూర్ణ విగ్రహం ఉన్నాయి. నాకు అర్థం కాక చూస్తుంటే, ఆయన కారు తలుపు వేస్తూ, "ఊరికి ఏదో ఒకటి చెప్పుకోవాలి కదండీ వదినగారూ. అన్నయ్య పేరు మీద కాశీలో తొమ్మిది నెలల నిద్రకి వెళ్ళారని చెప్పామండి. అమ్మకీ అదే తెలుసు," అన్నారు.

కాశీలో తొమ్మిది నెలలు ఉండి రావడమంటే మన వైపు ఎంత గొప్పో మీకు వేరే చెప్పక్కర్లేదు. తల్లి కడుపులో మోసిన నెలలన్నీ అక్కడ గడిపితే మళ్ళీ జన్మ ఉండదంటారు. మా వీధిలోకి కారు తిరిగేసరికి వాకిట్లో జనం. గుమ్మంలో ఇత్తడి పళ్ళెం, పక్కన బిందెతో నీళ్ళు. ఎనభై దాటిన మా అత్తగారు, వంగితే మళ్ళీ లేవలేని మనిషి, కిందికి చతికిలబడి, నా కాళ్ళు పళ్ళెంలో పెట్టించి, కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నారు. వద్దండీ అని కాళ్ళు వెనక్కి తీసుకోబోతే వెనకనుంచి తోటికోడలు నా భుజం గట్టిగా పట్టుకుంది. అంతమందిలో, ఆ వంగిన వీపు మీద, ఏ మాట అనగలను చెప్పండి.

కాశీ సమారాధన కూడా ఘనంగా చేశారు. గంగపూజ, బూరెలు, పులిహోర, కంద బచ్చలి కూర, పనసపొట్టు, వచ్చినవాళ్ళందరి చేతికీ మా దుకాణం దారాలు. కాశీ వెళ్తే ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలి కదా, పంక్తిలో కూర్చున్న పెద్దావిడ ఎవరో ఏం వదిలావమ్మా అని అడిగారు. నేను తడబడుతుంటే మరిదిగారు వడ్డన బకెట్టు పట్టుకునే, వంకాయ వదిలేశారండి అనేశారు. అంతే, ఆ పూట నుంచి ఈ పూట దాకా నాకు ఆ ఇంట్లో వంకాయ లేదు. గుత్తివంకాయ వండిన రోజున నాకు వేరే గిన్నెలో బీరకాయ పెడతారు, పైగా వదినగారి నిష్ఠ అలాంటిదని చుట్టాలకి చెప్తారు. ఏడవాలో నవ్వాలో తెలియక ఆ బీరకాయ తింటూ ఉంటాను.

అసలు బాధ అది కాదు. సాయంత్రం దీపం పెట్టాక అత్తగారు నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకుని, కాశీ సంగతులు చెప్పవే అనేవారు. నాకేం తెలుసు చెప్పడానికి. మొదట్లో దుకాణంలో విన్నవీ, క్యాలెండర్ల మీద చూసినవీ కలిపి నెట్టుకొచ్చాను. అవి అయిపోయాక, ఒక సాయంత్రం నాకు తెలియకుండానే, పొద్దున్నే బారుగా నడిచి వచ్చే సాధువుల సంగతి చెప్పేశాను. ఆవిడ లేచి కూర్చున్నారు. ఇక ఆగలేదు. నదికి అటూ ఇటూ కొండలు చెప్పాను, కొండల మీద పొద్దుటి మంచు చెప్పాను, మన కోనసీమలో లాగా నీళ్ళ మీదికి వంగిన కొబ్బరిచెట్లు చెప్పాను, గంజి పోసి తాంబూలం పెట్టిన ముసలావిడని చెప్పాను. ఆవిడ పేరేంటే అని అడిగితే, కళ్ళెదుట దేవుడి గూట్లో ఉన్న విగ్రహాన్ని చూసి అన్నపూర్ణమ్మ అన్నాను. ఊళ్ళ పేర్లు తప్ప తక్కినదంతా నిజమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. నేను వెళ్ళొచ్చిన దారంతా మళ్ళీ ఒకసారి నడిచినట్టుండేది. ఈ ప్రపంచంలో నా ప్రయాణం కూర్చుని విన్న మనిషి ఆవిడొక్కరే, అది కూడా కాశీ అనుకుని విన్నారు.

విని విని, చచ్చేలోగా నువ్వు చెప్పిన కాశీ చూడాల్సిందే అని పట్టుబట్టారు. నేను ఎండలన్నాను, చలన్నాను, మోకాళ్ళన్నాను. ఆవిడ వినలేదు. మరిదిగారూ నేనూ కలిసి తీసుకెళ్ళక తప్పలేదు. బయల్దేరేటప్పుడు ఆవిడ చిన్న పొట్లం ఒకటి కొంగున ముడి వేసుకున్నారు. ఏమిటండీ అంటే, నా కోడలికి జ్వరమొస్తే చూసుకున్న అన్నపూర్ణమ్మకి మన ఊరి వక్కలు అన్నారు.

కాశీలో ఆవిడ దర్శనం చేసుకున్నారు, స్నానం చేశారు, కానీ కళ్ళు దేన్నో వెతుకుతూనే ఉన్నాయి. ఏ సందులోకి తిరిగినా, ఇక్కడేనా ఆవిడ ఇల్లు అని అడిగేవారు. మూడో సందు దగ్గర మరిదిగారు నా వైపు కొరకొరా చూశారు. చివరికి ఘాట్ మెట్ల మీద కూర్చుని, ఎదురుగా ఉత్త ఇసక తప్ప మరేమీ లేని అవతలి ఒడ్డు చాలాసేపు చూసి, కొండలేవే అని అడిగారు. ఇంక నా వల్ల కాలేదు. ఆ మెట్ల మీదే అంతా చెప్పేశాను, ఎక్కడికి వెళ్ళిందీ, ఎవరు ఏం చెప్పిందీ, నేనెందుకు నోరు మూసుకున్నదీ. ఆవిడ కొడుకు వైపు తిరిగి అవునా అన్నారు. మరిదిగారు నదిని చూస్తూ, నాకేం తెలుసమ్మా, వదినగారు కాశీ అంటే కాశీయే అనుకున్నాం అన్నారు. అంత తేలిగ్గా అన్నారు ఆ మాట.

ఆవిడ ఏడవలేదు, కేకలు వేయలేదు. కొంగు ముడి విప్పి వక్కల పొట్లం అక్కడున్న పడవవాడి చేతిలో పెట్టేసి, నెమ్మదిగా అన్నారు. "దేశాలు తిరిగావని నాకేం కోపం లేదే అమ్మాయ్. వచ్చి, అత్తయ్యగారూ, ఫలానా చోటికి వెళ్ళొచ్చానండి అంటే కూర్చుని వినేదాన్ని. కొడుకుని పోగొట్టుకున్నదాన్ని. వాడి కోసం కాశీలో నిద్ర చేసొచ్చావని నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకున్నాను. ఆ నీళ్ళు ఇప్పుడెలా దులుపుకోను?"

ఇంటికొచ్చాక ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. నా చేతి అన్నమే తిన్నారు, మోకాళ్ళకి నా చేతే నూనె రాయించుకున్నారు. దీపం పెట్టాక మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవారు. కొన్నాళ్ళు పోయాక నేనే ఉండబట్టలేక మంచం పక్కన కూర్చుని, అత్తయ్యగారూ, ఆ తాంబూలం పెట్టినావిడది వియత్నాం అండి, ఆ పల్లె ఎలా ఉంటుందంటే అని మొదలుపెట్టాను. ఈసారి పేర్లతో సహా ఉన్నదున్నట్టు చెబుదామని. ఆవిడ ఇటు తిరగకుండానే, "ఇప్పుడెందుకులేవే. ఏది నిజమో నాకు తెలీదుగా," అన్నారు. ఆ తరువాత ఆవిడ బతికినన్నాళ్ళూ నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మనకాలం వేరు, ఈ కాలం వేరు అని అందరూ అంటూనే ఉంటారు, నేనూ ఒప్పుకుంటాను. ఇప్పటి పిల్లలు ఎక్కడికి వెళ్తే అక్కడినుంచే ఫొటోలు పంపుతున్నారు, పెద్దవాళ్ళు వాటిని నలుగురికీ చూపించుకుంటున్నారు, మంచిదే, వాళ్ళకి మన గతి పట్టకూడదు. నన్ను కాదన్న మరిదిగారే ఇవాళ వదినగారూ మీరూ ఎటైనా వెళ్ళి రాకూడదా అంటున్నారు, ఎక్కడికి వెళ్తున్నానో ఊరంతా దండోరా వేయించుకుని వెళ్ళినా ఇప్పుడు అభ్యంతరం చెప్పే మనిషి లేడు. నాకు వెళ్ళే ఓపిక లేదు, వచ్చి చెప్పుకుందామంటే ఆవిడ లేరు.