రమణమ్మ విన్న ఏడుపు

కరోనా తర్వాత అంగన్‌వాడీలు మళ్లీ తెరిచిన ఏడు నేను ఉదయగిరి దగ్గర మా పల్లె కేంద్రంలో ఆయాగా ఉన్నాను. ఆయా అంటే పొయ్యి, చీపురు, పిల్లల ముక్కులు తుడవడం. రాతకోతలు టీచరువి, ఆమె మీద సూపర్‌వైజరు. నా చదువు మూడో తరగతితో సరి.

పిల్లలను కొత్తగా వదిలే రోజుల్లో మా గుమ్మం సంతలా ఉంటుంది. తల్లి చెంగు పట్టుకుని ఒకటే ఏడుపు. గొర్రెలు కాసుకునే రమణమ్మ కూతురు చెంచమ్మ మాత్రం ఏడవలేదు. నాలుగో ఏడు నడుస్తున్నా మాటలు రాలేదు, పిలిస్తే చూడదు. తల్లి వెళ్లిపోతున్నా వెనక్కి తిరగలేదు.

"సాయంత్రం మంద రాంగానే గంప కిందుండే గొర్రెపిల్లల్ని వదులుతాం గదత్తా. అన్ని గొర్రెల్లోనూ దేని తల్లిని అది పట్టేస్తాది. నా బిడ్డకు నేనెవురో తెలీదా?" అన్నది రమణమ్మ.

"గొర్రెపిల్ల నెలకే గడ్డి కొరుకుతాది. మనిషి బిడ్డ అట్టనా? ముందు ఆత్మకూరుకు తీసకపో" అన్నాను.

ఆత్మకూరులో ఇలాంటి పిల్లలకు తర్ఫీదు ఇచ్చే కేంద్రం ఉంది. అక్కడి మేడమ్ చూసి, ఎదుగుదల ఆలస్యమని, ఆ పిల్లకు ప్రేమ లేక కాదు, చూపించడం ఇంకా రాలేదని చెప్పింది. దగ్గరికి లాగవద్దు, పక్కన కూర్చుని బిడ్డ చేసేదే మీరూ చేయండి అన్నది.

రమణమ్మకు అంత ఓపిక ఎక్కడిది? పిల్లను చేరనివ్వని గొర్రెను గుంజకు కట్టి, పిల్ల మూతిని పొదుగుకు ఆనిస్తారు గొర్రెల కాపర్లు. ఈమె కూడా బిడ్డను ఒళ్లో బిగించి, ముఖం తనవైపు తిప్పి "అమ్మా అనవే" అన్నది. చెంచమ్మ కట్టెలా బిగుసుకుని చెయ్యి కొరికింది.

"ఏందే, గొర్రెకు చేసే పని బిడ్డకు చేస్తావా? వదులు!" అని గట్టిగా కసిరాను.

పులుసు పిసికినాక చింతపిక్కలు నేను పారేయను. అవే ఇచ్చాను. చెంచమ్మ గోడవారన వరస పేర్చేది. రమణమ్మ రోజూ కాసేపు పక్కన కూర్చుని ఇంకో వరస పేర్చేది. చాన్నాళ్లు చెంచమ్మ ఆ వరసను కాలితో నెట్టేసింది. ఒకరోజు తల్లి చేతిలో పిక్క తీసుకుని తన వరసలో పెట్టింది. ఇంకొన్నాళ్లకు, ముఖం చూడకుండానే, తల్లి మోకాలికి వీపు ఆనించి కూర్చున్నది. రమణమ్మ కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు. నేను పిలవబోతే నోటిమీద వేలు పెట్టింది.

అంతలో ఎండలు ముదిరాయి. ఇక్కడ మేత అయిపోతే మందను తూర్పుకు, కోసిన వరి మళ్లకు తోలుకుపోతారు. వానలు పడితేనే తిరిగి రావడం. రమణమ్మకు మొగుడి తోడు వెళ్లక తప్పదు. బిడ్డను చూసుకోమని ఇంట్లో మొగుడి తల్లికి చెప్పి, ఆ పొద్దున కేంద్రంలో వదిలి రోడ్డెక్కింది.

చెంచమ్మ పిక్కలు విడిచి గుమ్మంలోకి వచ్చింది. వెళ్లే మనిషిని చూసింది. గొంతు చించుకుని ఏడ్చింది.

నేను ఎత్తుకోబోయాను. రోడ్డుమీద నుంచి రమణమ్మ చెయ్యెత్తింది. "ఉండత్తా! కాసేపు ఏడవనీ. నా కోసమే గదా?"

అక్కడే నిలబడి విన్నది. ముందునుంచి మొగుడు కేక వేశాడు. దగ్గరికొస్తే మళ్లీ కదల్లేనని తెలిసి, తిరిగి చూసుకుంటూనే మంద వెనక పోయింది.

అంతకుముందు ఏడుపు మాన్పించడమే మా పని అనుకునేదాన్ని. ఏడ్చే బిడ్డకు వెళ్లిందెవరో తెలుసు. ఏడవని బిడ్డ పక్కనే ఎక్కువసేపు కూర్చోవాలి. రిటైరయ్యేదాకా అట్లాగే చేశాను.