నీలం రంగు పట్టిన కణాలు

ఈ ఉదయం మా ల్యాబులో ఎవరో బ్యుటిరిక్ ఆమ్లం సీసా మూత తీశారు. ముక్కిపోయిన నెయ్యి వాసన వరండా దాకా వచ్చింది. విద్యార్థులు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం తిరుపతిలో నా పరిశోధనకు గైడుగా ఉన్న సుశీల మేడమ్ గుర్తొచ్చి, దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. ఈ మధ్య దేనికైనా అలసటే ముందొస్తోంది.

అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మేడమ్‌ది కార్వేటినగరం దగ్గర పల్లె. రిటైర్మెంటు దగ్గరపడింది. ఉబ్బసం ఉన్నవాళ్లలో రక్షణ కణాలు కాస్త దుమ్ముకే శత్రువొచ్చినట్టు రెచ్చిపోయి, ఊపిరి గొట్టాలను వాచేలా చేస్తాయి. మనం తిన్న పీచు పేగుల్లో పులిసినప్పుడు పుట్టే ఈ ఆమ్లం ఆ కణాలను నెమ్మదింపజేయగలదా అన్నదే ఆవిడ ప్రశ్న. "బయటి మందు కాదప్పా, మన కడుపులో పుట్టేదే. ఇంటి పెద్ద మాట ఇన్నట్టు ఇంటాయేమో సూద్దాం" అనేది.

విన్నాయి. కణాలు వాపు పదార్థాన్ని వదలడం దాదాపు ఆగిపోయింది. ల్యాబంతా మైసూరుపాకు పంచుకున్నాం. పేపరు కూడా రాసేశాం. తీరా పంపే రోజు మేడమ్ ఆ ఫలితాల వైపు చాలాసేపు చూసి, "ఇంత సద్దు లేకుండా ఉంటాయా? నీలం రంగేసి సూడు" అంది. చచ్చిన కణంలోకి ఆ రంగు దూరుతుంది, బతికున్నది రానివ్వదు. మైక్రోస్కోపులో అంతా నీలమే. అవి శాంతించలేదు, చచ్చిపోయాయి.

"మోతాదు పెంచమన్నది నేనే. రిటైరై పోయేలోపల సూడాలని తొందరపడినాను" అని పేపరు చించేసింది. నా పీహెచ్‌డీ అంతా దాని మీదే ఉంది. "కణాలు చచ్చాయని ఎవరు చూడొచ్చారు మేడమ్? అలాగే పంపేయాల్సింది" అన్నాను ఏడుపు గొంతుతో.

ఆవిడ కోప్పడలేదు. "మా తమ్మునికి ఉబ్బసం ఉండె. ఒగ దినం ఊపిరిలో పిల్లికూతలు ఆగిపోయినాయి. తగ్గిపోయిందని మాయమ్మ దేవునికి దండం పెట్టింది. లోపలికి గాలే పోలేదని ఎవురికీ తెలీలేదు. సాయంత్రానికి పిల్లోడు లేడు" అంది. నాకు దుఃఖం వచ్చింది కానీ, నిజం చెప్పాలంటే కోపం కూడా పోలేదు.

మోతాదు బాగా తగ్గించి మళ్లీ మొదటినుంచీ చేశాం. ఈలోగా ఆవిడ రిటైరైంది. ఫలితం వచ్చాక ఇంటికి వెళ్లి చెప్పాను.

"వాపు పదార్థం కొంచెమే తగ్గింది మేడమ్."

"కొంచెమే సాలప్పా. బతికుండాయి కదా!" అంది. ఆవిడ అంత తృప్తిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ కొంచెంతోనే నా పీహెచ్‌డీ అయింది, ఉద్యోగం వచ్చింది. గొప్ప పేరేమీ రాలేదు. ఎవరైనా మంచి ఫలితమంటూ పరుగెత్తుకొస్తే నాకు సంతోషం కన్నా ముందు భయమేస్తుంది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న చదువు ఆ భయమే.