జాబితాలో వదిలేసిన పేరు కోసం రాజమండ్రి దాకా

అక్టోబరు 31. ఎల్లుండి సకల ఆత్మల స్మరణ దినం. ఆ రోజు మా భీమవరం చర్చిలో చనిపోయినవారి పేర్లు పూజలో చదువుతారు. పంతొమ్మిదేళ్లుగా ఆ జాబితా రాసేది నేనే; మా ఆయన పేరూ అందులో ఉంది. ఈసారి ఒక పేరు కావాలనే వదిలేశాను. ఆ పేరు సంగతి తేల్చుకోవడానికే నిన్న రాజమండ్రి వెళ్లి వచ్చాను. రెండు మతాలు కలిసిన ఇళ్లలో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అలాంటి ప్రయాణం పెట్టుకునేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

వదిలేసిన పేరు సుబ్బలక్ష్మిగారిది. మా కోడలు సుజాత తల్లి. శ్రావణంలో పోయారు. సుజాత పెళ్లికి ముందు జ్ఞానస్నానం తీసుకుంది కానీ, వాళ్లమ్మగారు చివరిదాకా హిందువుగానే ఉన్నారు. నాలుగు రోజుల కిందట సుజాత తల్లి పేరు చీటీ మీద రాసి ఇస్తే, జ్ఞానస్నానం లేనివారి పేరు ఇందులోకి రాదని తిప్పి ఇచ్చేశాను. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు సత్యోపదేశం, అంటే మతపాఠాలు, చెబుతున్నదాన్ని, మా కతోలిక శ్రీసభ వెలుపల రక్షణ లేదన్న మాట నాకు కంఠతా వచ్చు. సుజాత వాదించలేదు. చీటీ మడిచి, “అయితే మా అమ్మ ఇప్పుడు ఎక్కడుందండీ, అత్తయ్యగారూ?” అని మాత్రం అడిగింది. ఆ పూట నుంచి అవసరమైన మాట తప్ప నాతో మాట్లాడలేదు.

నాకు సత్యోపదేశ బోధన నేర్పిన ఫాదర్ గారు రాజమండ్రిలో, విశ్రాంత గురువుల నివాసంలో ఉంటున్నారు. నేను చెప్పింది తప్పైతే నీ ముందే తేలాలని సుజాతను కూడా బయలుదేరమన్నాను. భీమవరం టౌన్‌లో ఆరు యాభైకి రైలెక్కాం. టికెట్టు మనిషికి నలభై ఐదు. తణుకు, నిడదవోలు దాటాక కొవ్వూరు దగ్గర గోదావరి వచ్చింది. పెట్టెలో అందరూ చిల్లర తీసి నదిలో వేస్తున్నారు. సుజాత చెయ్యి కూడా సంచిలోకి వెళ్లింది. నన్ను చూసి ఖాళీ చెయ్యి బయటికి తీసింది. నేనేమీ అనలేదు. అంతకుముందు ఎన్నిసార్లు అని ఉంటానో అప్పుడు తెలిసింది.

తొమ్మిదింటికి స్టేషను బయట ఆటో అతను మమ్మల్ని చూస్తూనే, “కార్తీకం కదండీ, పుష్కర ఘాట్‌కేనా?” అన్నాడు. కాదని చెప్పి చిరునామా చూపిస్తే ఎనభై అడిగి డెబ్బైకి ఒప్పుకున్నాడు. నివాసంలో వంట చేసే ఆవిడ మాకు ఇడ్లీ పెట్టి, ఫాదర్ గారికి చెవులు సరిగ్గా వినపడవని, గట్టిగా మాట్లాడమని చెప్పింది. అందుచేత నా ప్రశ్న వరండా అంతా వినేలా అరిచి అడగాల్సి వచ్చింది: జ్ఞానస్నానం లేని మనిషికి మోక్షం ఉందా?

“ఎవరా మనిషి?” అన్నారాయన.

చెప్పాను. నా తుంటి ఎముక విరిగినప్పుడు ఈస్టరు ముందు నలభై రోజుల తపస్సు కాలమంతా మా ఇంట్లో ఉండి చాకిరీ చేశారు మా వియ్యపురాలు సుబ్బలక్ష్మి వదినగారు. ఆ రోజుల్లో శుక్రవారం మేం మాంసం ముట్టం. ఒక శుక్రవారం మా అబ్బాయి కోడికూర తెస్తే, ఇవాళ మీ అమ్మగారికి పెట్టకూడదు కదా అని పక్కన పెట్టించారు. మేం మరిచిపోయాం. ఆవిడ మరిచిపోలేదు.

ఫాదర్ గారు నెమ్మదిగా చెప్పారు. రక్షణ క్రీస్తు ద్వారానే, అందులో మార్పు లేదు. కానీ తమ తప్పు లేకుండా ఆయన్ని ఎరగనివారు నిజమైన మనసుతో దేవుణ్ణి వెతికి, మనస్సాక్షి ప్రకారం బతికితే, తనకే తెలిసిన దారిలో దేవుడు వారిని చేర్చుకోగలడు. శ్రీసభ ఈ మాట అరవై ఏళ్ల కిందటే స్పష్టంగా చెప్పింది. “ఆ పాఠం మీకు నేనే చెప్పాను, టీచరమ్మా. మీరు మొదటి సగమే రాసుకున్నారు.”

నేను ఊరుకోలేదు. ఆవిడ ఎరగనిదేమీ కాదు, మా చర్చికి వచ్చారు, క్రీస్తు గురించి విన్నారు కదా అన్నాను.

“ఎవరు చెప్పగా విన్నారు?”

“నేనే చెప్పానండి.”

“ఎలా చెప్పారు?”

సుజాత పెళ్లయిన ఏడాది ఆవిడ అన్నవరం ప్రసాదం తెస్తే, గేటు బయటే పెట్టి రమ్మన్నాను. ఆ సంగతి ఈసారి మెల్లగా చెప్పాను. ఆయనకు వినపడిందో లేదో గానీ, మళ్లీ అడగలేదు.

అప్పుడు సుజాత అడిగింది: “అయితే మా అమ్మ మోక్షంలో ఉన్నట్టేనా, ఫాదర్ గారూ?”

“అది నేను చెప్పలేనమ్మా. మీ మామగారు ఉన్నారనీ చెప్పలేను. ఆ జాబితా మోక్షం చేరినవాళ్లది కాదు. ఎవరి కోసం మనం దేవుణ్ణి అడుగుతున్నామో వాళ్లది.”

పదకొండున్నరకు బయటికి వచ్చాక ఆటోను కోటిలింగాల ఘాట్‌కు నేనే పొమ్మన్నాను. వదినగారి అస్థికలు అక్కడే కలిపారు. ఎల్లుండి మేమంతా సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తాం. సుజాత నిలబడడానికి సమాధి లేదు, ఈ నీళ్లే ఉన్నాయి. మెట్ల మీద నిలబడి మృతుల కోసం చెప్పుకునే చిన్న జపం పైకే చెప్పాను. సగంలో సుజాత గొంతు కలిసింది.

తిరుగు రైల్లో వంతెన మీద సుజాత చిల్లర తీయలేదు. కిటికీలోంచి చూస్తూ, “మా అమ్మకి ఈ వంతెనంటే భయమండీ, అత్తయ్యగారూ. కళ్లు మూసుకునే డబ్బులు వేసేది” అంది. నాలుగు రోజుల్లో నాతో అన్న మొదటి అవసరం లేని మాట అది.

దేవుడి లెక్క నా చేతిలో లేదని తెలుసుకోవడానికి డెబ్బై రెండేళ్లు పట్టింది. తలుపు ఎంత వెడల్పో నాకు తెలియదు. దాని ముందు కావలి కూర్చోమని మాత్రం నన్నెవరూ అనలేదు. వెళ్లేవారికి ఒక సూచన: కార్తీక సోమవారం తప్పించి వెళ్లండి, ఘాట్‌లో రద్దీ తక్కువ ఉంటుంది. అడుగు మెట్లకు పాచి ఉంది, పెద్దవాళ్లు పైమెట్ల మీదే ఆగడం మంచిది.

ఇక జరగవలసినవి:

1. జాబితా మొదటి నుంచి మళ్లీ రాయాలి. వదినగారి పేరు రెండు వరసల మధ్య ఇరికించను.
2. సత్యోపదేశం పిల్లలకు మిగిలిన సగం చెప్పాలి. ఇన్నాళ్లూ చెప్పలేదని కూడా చెప్పాలి.
3. ఎల్లుండి పూజలో ఆ జాబితా సుజాత చదవాలి. నేను కూర్చుని వినాలి.