అమ్మ వదులుకున్న పాస్‌పోర్టు

నేను పుట్టింది మలేషియాలో. దానికి పెద్ద కారణమేమీ లేదు, తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆనవాయితీ తప్ప. అమ్మ పుట్టిల్లు అక్కడి కొబ్బరి తోటల్లో ఉండేది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వెళ్లి అక్కడే నిలిచిపోయిన కుటుంబం వాళ్లది. అమ్మ చిన్నాన్న ఒకాయన మాత్రం తిరిగొచ్చి మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో చేరాడు. ఆయన్ని చూడటానికి అమ్మ వచ్చినప్పుడు, అదే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ఉన్న మా నాన్నతో సంబంధం కుదిరింది.

ఏడో నెలలో అమ్మను పుట్టింటికి పంపారు. నేను పుట్టిన కొన్నాళ్లకు, తన పాస్‌పోర్టులోనే నా పేరు రాయించుకుని ఆమె తిరిగొచ్చింది. అక్కడి భారత రాయబార కార్యాలయంలో నా పుట్టుకను నమోదు చేయించాలని నాన్నకు ఎవరూ చెప్పలేదు, ఆయనకూ తట్టలేదు. ఏటా ఒకసారి అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోలీసు ఆఫీసుకు వెళ్లి, ఇక్కడ ఉండటానికి అనుమతి పొడిగించుకునేది. రేషన్ కార్డులాగా అది కూడా అందరికీ ఉండే పనే అనుకునేదాన్ని.

నా చేతికి బ్యాడ్మింటన్ రాకెట్ ఇచ్చింది అమ్మే. వాళ్ల ఊళ్లో ప్రతి పెరట్లో నెట్ ఉండేదట. మా కాలనీ క్లబ్బు హాల్లో సాయంత్రాలు ఆడవాళ్లు కాలక్షేపానికి ఆడుతుంటే, అమ్మ కొంగు నడుముకు చుట్టి వాళ్లను హాలు నాలుగు మూలలకూ పరిగెత్తించేది. భుజంతో కాదు, మణికట్టుతో కొట్టమని నాకు నేర్పింది. జిల్లాకు ఆడాను, తర్వాత రాష్ట్రం జూనియర్ జట్టుకు ఆడాను. ఎక్కడ పుట్టావని ఎవరూ అడగలేదు.

పదహారో ఏట దేశం జూనియర్ జట్టుకు ఎంపికయ్యాను. మాకు ఆట నేర్పే సర్ మరాఠీ ఆయన. దూద్‌పేడాల డబ్బాతో మా ఇంటికి వచ్చి, జట్టు విదేశానికి వెళ్లాలి కాబట్టి పాస్‌పోర్టు కావాలన్నాడు. నాన్న అమ్మ పాస్‌పోర్టు తెచ్చి, లోపల నా పేరున్న పేజీ తీసి చూపించాడు. సర్ చాలాసేపు చూశాడు. అయితే ఈ పిల్ల మనది కాదన్నమాట అని మరాఠీలో మెల్లగా అని, వెంటనే నాలుక కరుచుకుని, కాగితాల్లో మాత్రమే అంటున్నానని సర్దుకున్నాడు. పేడాలు అలాగే ఉండిపోయాయి.

నాన్న కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. తండ్రి ఇక్కడివాడే కాబట్టి పిల్లను నమోదు చేయవచ్చుగానీ, తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులై ఉండాలని అక్కడి అధికారి చెప్పాడట. ముందు అమ్మ తన దేశపు పౌరసత్వాన్ని వదులుకోవాలి. ఆ తర్వాతే నా సంగతి.

ఆ సాయంత్రం అమ్మ వంటింట్లో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"నువ్వు నీ పాస్‌పోర్టు వాపస్ ఇయ్యాలె," అన్నాడు నాన్న. "మల్ల మీ అమ్మను చూడ పోవాల్నన్నా వీసా అడగాలె. మంచిగ సోంచాయించి చెప్పు."

"పిల్ల ఆడాలి కదా," అంది అమ్మ. కత్తిపీట మీద చెయ్యి ఆగలేదు.

ఆమె నా వైపు చూడలేదు. వద్దనాలన్న ఆలోచనే నాకు రాలేదు. నా కళ్ల ముందు వీపు మీద దేశం పేరున్న నీలం జెర్సీ తప్ప మరేదీ లేదు.

జట్టు నేను లేకుండానే వెళ్లింది. నా బదులు ఇంకో అమ్మాయిని తీసుకున్నారు. దరఖాస్తు ఢిల్లీకి వెళ్లింది. చాలా నెలల తర్వాత, పాత పౌరసత్వం వదులుకున్నట్టు రుజువు పంపితే కొత్తది ఇస్తామని జవాబొచ్చింది. అమ్మ పాస్‌పోర్టును నాన్న ఢిల్లీలోని మలేషియా రాయబార కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. ఇక ఎదురుచూడటమే.

ఆ ఎదురుచూపుల్లో ఉండగానే మలేషియా నుంచి మేనమామ ఫోన్ చేశాడు. మా ఇంట్లో ఫోన్ లేదు. చంద్రపూర్‌లోని తుకుం పేటలో కొత్తగా పెట్టిన ఎస్టీడీ బూత్ నంబరు ఆయనకు ఇచ్చి ఉంచాం. బూత్ ఆయన కబురు పంపితే ముగ్గురం వెళ్లి, మళ్లీ ఫోన్ వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చున్నాం. అమ్మ అద్దాల గదిలోకి వెళ్లి మాట్లాడింది. అమ్మమ్మ స్నానాల గదిలో పడిపోయిందనీ, మనుషులను గుర్తుపట్టడం లేదనీ మామ చెప్పాడు. అమ్మ బయటికొచ్చి చెమట తుడుచుకుంది. తర్వాత నాన్నను అడిగింది.

"ఇప్పుడు నేను ఏ దేశం దాన్నండీ?"

నాన్న మర్నాడే నాగపూర్ వెళ్లి, అక్కడి నుంచి ఢిల్లీకి ఫోన్లు చేయించాడు. పాతది పోయింది, కొత్తది రాలేదు, మధ్యలో ఉన్న మనిషికి ఏ కాగితం ఇవ్వాలో ఎవరూ తేల్చి చెప్పలేదు. ఆయన తిరిగి రాకముందే బూత్ నుంచి మళ్లీ కబురొచ్చింది. ఈసారి అమ్మ ఫోన్ దగ్గర ఎక్కువసేపు లేదు. ఇంటికొచ్చి, తలస్నానం చేసి, వెనక వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను అన్నం వండి పెడితే రెండు ముద్దలు తిని, ఉప్పు తక్కువైందని చెప్పింది.

నెల తిరగకుండానే మా ఇద్దరి పౌరసత్వ సర్టిఫికెట్లు వచ్చాయి. కలెక్టర్ ఆఫీసులో అమ్మ ప్రమాణం చదివి సంతకం పెట్టింది. నాకైతే ఆ సాయంత్రం బ్యాడ్మింటన్ కోర్టులో కాళ్లు నేల మీద నిలవలేదు. అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. ఇంట్లో అమ్మ అప్పటికింకా తలలో పూలు పెట్టుకోవడం లేదు. నన్ను ఎక్కువగా కోసేది ఆ సంతోషమే. పౌరసత్వం నేను అడిగి తెప్పించలేదు, అమ్మమ్మ పోవడం నా చేతిలో లేదు. కానీ ఆ సాయంత్రం సంతోషించింది మాత్రం నేనే.

మరుసటి ఏడు మళ్లీ ఎంపికయ్యాను. దేశం తరఫున ఒకే ఒక మ్యాచ్ ఆడి, మొదటి రౌండులోనే ఓడిపోయాను. జెర్సీతో ఇంటికొస్తే అమ్మ దాన్ని ఉతికి దండెం మీద ఆరేసింది. హాల్లో ఫ్యాన్ల గాలికి షటిల్ పక్కకు పోయిందా అని అడిగింది. లేదన్నాను. అయితే బాగా ఆడే పిల్ల దొరికుంటుందిలే అంది. ఆ తర్వాత నన్ను ఎవరూ ఎంపిక చేయలేదు. ఆటగాళ్ల కోటాలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగంలో కుదురుకున్నాక అమ్మను మలేషియా తీసుకెళ్లాను. విమానాశ్రయంలో అమ్మ, అలవాటు కొద్దీ కాబోలు, అక్కడి పౌరుల వరస వైపు నడిచింది. నేను చెయ్యి పట్టుకుని విదేశీయుల వరసలోకి తెచ్చాను. అధికారి ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నకు ఆమె మలయ్ భాషలో జవాబిచ్చింది. ఈ భాష ఎక్కడ నేర్చుకున్నారని అతను ఆశ్చర్యపోయాడు. ఇక్కడే పుట్టానని చెప్పింది. అతను నవ్వి, నెల రోజులకు ముద్ర వేసి ఇచ్చాడు.

మామ ఇంట్లో అమ్మమ్మ మంచం అలాగే ఉంది. మధ్యాహ్నం అమ్మ దాని మీద కూర్చుని ఉంటే, నేను కింద కూర్చుని, ఇన్నేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అడిగేశాను. నా ఆట కోసమే కదమ్మా, నువ్వు రాలేకపోయింది.

"నీ కోసమే. ఇష్టపడే చేశాను, నీ తప్పేం లేదు," అంది అమ్మ. మంచం మీది దుప్పటి సర్దుతూ మళ్లీ అంది. "అయినా నాకు బాధగానే ఉంటాది. అది మా అమ్మ కోసం పడే బాధ. అందులోకి నువ్వు మాటిమాటికీ వచ్చి నిలబడకు."

నాకు ముఖం చెల్లలేదు. ఓదార్చమని అడగడానికి వెళ్లానని అప్పుడు అర్థమైంది. అపరాధ భావం ఇప్పటికీ పోలేదు, కానీ ఆమె ముందు దాన్ని మళ్లీ విప్పలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మమ్మను పూడ్చిన చోటికి అమ్మ ఒక్కతే బయల్దేరింది. నేనూ చెప్పుల్లో కాళ్లు పెట్టబోయి ఆగి, లోపలికి వెళ్లి అత్తతో కూర్చుని ఉల్లిపాయలు ఒలిచాను.